చనిపోయినవాణ్ణి నరకానికి పంపే ముందు: తెలుగు సంఘాల కాపరులకు ఒక బహిరంగ లేఖ

తెలుగు సంఘాల పాస్టర్లకు, బైబిలు కాలేజీల్లో పాఠాలు చెప్పే అయ్యగార్లకు,

వందనాలండీ.

మా బాబాయి చనిపోయి నెల దాటింది. లారీ డ్రైవరు. రాత్రంతా బండి నడిపి ఆదివారం తెల్లవారుజామున ఇంటికి చేరి, కళ్ళు మండుతున్నా సరే పిన్నిని, పిల్లవాణ్ణి మోటారు సైకిలు మీద చర్చి గేటు దగ్గర దింపి, ఆరాధన అయ్యేదాకా ఎదురుగా టీ బంకు బెంచీ మీద కూర్చునేవాడు. లోపలికి మాత్రం వచ్చేవాడు కాదు. ఎందుకు రాడో మాకు చెప్పలేదు, మేమూ గట్టిగా అడగలేదు. సమాధి దగ్గర మాట్లాడిన అయ్యగారు ఆ బెంచీ సంగతే ఎత్తుకున్నారు. గేటు దాకా వచ్చి లోపల అడుగు పెట్టనివాడికి పరలోకపు గేటు తెరుచుకోదన్నారు, అగ్నిగుండం అన్నారు, ఇంకా ఇలాంటివాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో చెయ్యెత్తండి అన్నారు. తొమ్మిదేళ్ళ మా తమ్ముడు గుంట అంచున పిడికిట్లో మట్టి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ మట్టి నాన్న మీద వెయ్యాలో వద్దో తెలియక నా మొహం వైపు చూశాడు.

మీరందరూ ఇలాగే మాట్లాడతారని నేననను. నాకు చదువు చెప్పించిన పాస్టరుగారు ఒకాయన ఉన్నారు, ఆయన ప్రార్థన వినే నేను పరీక్షలకి వెళ్ళేవాణ్ణి. కానీ ఆ సమాధి దగ్గర విన్న మాటలు ఆ ఒక్క అయ్యగారి సొంతం కాదు. మీ కాలేజీల్లో నేర్పిన లోకం తీరు అది. అందుకే ఈ ఉత్తరం ఆయనకి కాకుండా మీ అందరికీ రాస్తున్నాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి అల్మారాలోంచి ఒక పాత పుస్తకం బయటికి తీశాను. హోవర్డ్ థర్మన్ అనే నల్లజాతి అమెరికన్ బోధకుడి ఆత్మకథ, 1979లో వచ్చింది, పేరు 'విత్ హెడ్ అండ్ హార్ట్'. థర్మన్ 1899లో ఫ్లోరిడాలో పుట్టి, డేటోనా అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో పెరిగి, బాప్టిస్టు బోధకుడై, 1981లో సాన్ ఫ్రాన్సిస్కోలో చనిపోయారు. ఆయన్ని మార్మికుడంటారు, అంటే దేవుణ్ణి గురించి విని నమ్మడంతో ఊరుకోకుండా లోపల నేరుగా ఎరిగినవాడని. మీలో చాలామందికి ఆయన పేరు మార్టిన్ లూథర్ కింగ్ గురువుల్లో ఒకడిగా తెలిసే ఉంటుంది. నాకు మాత్రం ఆయన, మొదటి సారి చదివినప్పటి నుంచి, తండ్రి సమాధి దగ్గర నిలబడ్డ ఒక పిల్లవాడు.

థర్మన్‌కి ఏడేళ్ళప్పుడు తండ్రి సాల్ న్యుమోనియాతో పోయాడు. రైలు పట్టాలు వేసే కూలి, రెండు వారాలకోసారి ఇంటికొచ్చేవాడు, ఆదివారం చర్చికి వెళ్ళకుండా అరుగు మీద కూర్చుని చదువుకునేవాడు. క్రీస్తులో లేకుండా చనిపోయాడు కాబట్టి చర్చిలో అంత్యక్రియలు కుదరవని సొంత పాస్టరే అన్నాడు. అమ్మమ్మ నాన్సీ ఆంబ్రోస్ వెళ్ళి సంఘ పెద్దలతో మాట్లాడి చర్చి తెరిపించింది. అయినా ఆ పాస్టరు ప్రసంగం చెయ్యనన్నాడు. ఊళ్ళోకొచ్చిన ఒక సంచార సువార్తికుడు నేను చేస్తానని ముందుకొచ్చి, పాపుల చావు ఎలా ఉంటుందో చెప్పడానికి ఆ శవాన్ని వాడుకున్నాడు. ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడు మొదట ఆశ్చర్యంగా, తర్వాత కోపంగా, చివరికి రగిలిపోతూ విన్నాడట. నాన్న ఈయనకి తెలియదు కదా, తెలుసా, అని తల్లి చెవిలో అడుగుతూనే ఉన్నాడట. పెద్దయ్యాక చర్చి గడప తొక్కనని ఆ రోజే అనుకున్నాడు. తర్వాత జీవితమంతా చర్చిలోనే గడిపినవాడు అనుకున్న మాట అది.

ఆ కోపంలో ఉన్న పిల్లవాడు నాస్తికుడు కాలేదు, ఆ సువార్తికుడు చూపించిన దేవుణ్ణీ ఒప్పుకోలేదు. మరి ఎక్కడికి వెళ్ళాడు? పెరట్లోకి. వాళ్ళింటి పెరట్లో పెద్ద ఓక్ చెట్టు ఉండేది. తుపాను గాలులకి మిగతా చెట్లు విరిగినా అది నిలబడేది. దాని మొదలుకి వీపు ఆనించి కూర్చుంటే తన దెబ్బలూ సంతోషాలూ లోపలి నుంచి ఒక్కొక్కటే తీసి, మడత విప్పి, దానితో చెప్పుకోగలిగేవాణ్ణని రాస్తారు. ఆ చెట్టు తన మాట అర్థం చేసుకుంటోందని పిల్లవాడికి అనుమానమే లేదు. సముద్రం దగ్గరా అంతే. రాత్రిపూట ఒంటరిగా ఒడ్డు మీద నడుస్తూ అలలు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఇసుకా నీళ్ళూ చుక్కలూ తానూ అన్నీ ఒకే ఊపిరి తీస్తున్నట్టు అనిపించేదట. సముద్రం, రాత్రి కలిసి తన చిన్న బతుకు చుట్టూ ఒక భరోసా అల్లాయని, మనుషులెలా ప్రవర్తించినా ఆ భరోసాకి అవమానం జరగదని, అంత పెద్ద కౌగిట్లో చావు కూడా చిన్న విషయమేనని ఆయన రాసిన చోట నేను ప్రతిసారీ పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చుంటాను.

1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు ఊళ్ళో జనం లోకం అంతమైపోతుందని టెన్షన్ పడ్డారు. తోకచుక్క నుంచి కాపాడే మాత్రలు అమ్ముతూ ఒకడు ఊరంతా తిరిగాడు. తల్లి ఆలిస్ ఆ పిల్లవాణ్ణి రాత్రి నిద్రలేపి ఆకాశం చూపించింది. అది పడితే మనకేమవుతుందమ్మా అని అడిగితే, ఏమీ కాదు నాయనా, దేవుడు చూసుకుంటాడు అంది. ఆ క్షణంలో ఆమె మొహంలో కనిపించిన ప్రశాంతత థర్మన్ వేదాంతంలో ఒక పునాది రాయి అయిందని నాకనిపిస్తుంది, ఎందుకంటే ముసలితనంలో కూడా ఆయన ఆ రాత్రిని మరిచిపోలేదు.

అయ్యగార్లూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీరు నేర్చుకున్న లెక్క ప్రకారం దేవుడు ఒక చోట, లోకం ఒక చోట. ఆత్మ మంచిది, శరీరం చెడ్డది. లోపలివాళ్ళు రక్షింపబడ్డారు, బయటివాళ్ళు నశించారు. థర్మన్ చూసిన లోకంలో ఈ గీతలు ఉన్నాయి, లేవని ఆయన అనలేదు, కానీ అవి అడుగుదాకా పోవు. జీవులు బతికి ఉండటం ఒక్కటే కాదు, జీవమన్నదే బతికి ఉందంటారు ఆయన. ఒక విత్తనం చెట్టు కావాలని లాగుతుంది, గాయమైన చర్మం మూసుకోవాలని లాగుతుంది, ఒంటరి మనిషి ఇంకో మనిషి వైపు లాగబడతాడు. ఈ లాగుడంతా ఒకటే, అది విడిపోయినదాన్ని కలిపి పూర్తి చెయ్యాలని చూసే దేవుని మనసు. 1971లో రాసిన 'ద సెర్చ్ ఫర్ కామన్ గ్రౌండ్'లో ఆయన దీన్ని సృష్టి కథల్లో వెతికారు, జీవశాస్త్రంలో వెతికారు, మంచి లోకం గురించి మనుషులు కన్న కలల్లో వెతికారు. బతుకులో ఎదురయ్యే వైరుధ్యాలు చివరివి కావు, అంతిమమైనవి కావు అన్నది ఆయన మళ్ళీ మళ్ళీ చెప్పే మాట. మంచీ చెడూ, బతుకూ చావూ, నలుపూ తెలుపూ కొట్టుకుంటూ కనిపిస్తాయి, కొట్టుకోవడం నిజమే, దెబ్బలూ నిజమే, కానీ వాటి కింద ఇంకా లోతున ఒక నేల ఉంది.

ఇది వినగానే మీలో కొందరికి ఒక మాట నాలుక చివరికి వస్తుందని నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఒక బైబిలు స్టడీలో ఇదే విషయం నేను చెప్తే, నడిపిస్తున్న అయ్యగారు మధ్యలో ఆపి, బ్రదర్, ఇది అద్వైతం, ఇది మన వాక్యం కాదు, అన్నారు. అందరి ముందూ నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు జవాబు చెప్తాను.

మొదటిది, మన వాక్యమే. "మనమాయనయందు బ్రదుకుచున్నాము, చలించుచున్నాము, ఉనికి కలిగియున్నాము" అని అపొస్తలుల కార్యాలు పదిహేడో అధ్యాయంలో ఉంది. నీ ఆత్మ యొద్ద నుండి నేనెక్కడికి పోవుదును అని నూట ముప్పై తొమ్మిదో కీర్తన అడుగుతుంది, పాతాళంలో పండుకున్నా నీవు అక్కడ ఉన్నావంటుంది. పాతాళంలో కూడా ఉన్న దేవుడు టీ బంకు బెంచీ దగ్గర లేడని మా బాబాయి గురించి ఎలా చెప్పగలిగారు?

రెండోది, థర్మన్ అద్వైతి కాదు. ఆయన దగ్గర మనిషి సముద్రంలో ఉప్పుబొమ్మలా కరిగిపోడు. ప్రతి మనిషి లోపలా ఒక సముద్రం ఉందని, అందులో ఒక దీవి, ఆ దీవి మీద ఒక బలిపీఠం, దాని ముందు మండే ఖడ్గం పట్టుకుని ఒక దేవదూత కాపలా ఉందని ఆయన ఒక ధ్యానంలో రాశారు. నీ సమ్మతి ముద్ర లేకుండా ఏదీ ఆ దూతని దాటి బలిపీఠం మీదికి చేరలేదు. ఆయన తత్వమంతా నాకు ఈ ఒక్క బొమ్మలో కనిపిస్తుంది. సముద్రం అందరిదీ ఒకటే. బలిపీఠం మాత్రం ఎవరిది వారిదే. అక్కడ దేవుడు కూడా పిలిస్తేనే వస్తాడు. ఆ సమ్మతిని యజమాని కొనలేడు, కొరడా లాక్కోలేదు, పాస్టరు చెయ్యెత్తమన్నంత మాత్రాన అది రాదు. బానిసగా పుట్టిన ఒక ముసలామె పెంచిన పిల్లవాడు ఇలాంటి బలిపీఠాన్ని ఊహించడంలో నాకు ఆశ్చర్యం లేదు.

ఆ ముసలామె గురించి చెప్పకుండా థర్మన్ గురించి చెప్పడం కుదరదు. అమ్మమ్మ నాన్సీకి చదువు రాదు. ఫ్లోరిడాలోని మాడిసన్ కౌంటీలో ఒక తోటలో బానిసగా బతికింది. మనవడు ఆమెకి బైబిలు చదివి వినిపించేవాడు, కీర్తనలు, యెషయా, సువార్తలు ఎన్నిసార్లయినా వినేది. పౌలు పత్రికలు మాత్రం చదవనిచ్చేది కాదు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయం తప్ప. ఎందుకని పెద్దయ్యాక ఒకసారి అడిగాడు. బానిసలకి వాక్యం చెప్పడానికి యజమాని పంపిన తెల్ల బోధకుడు ఎప్పుడూ పౌలునే ఎత్తుకునేవాడట, దాసులారా, మీ యజమానులకు విధేయులై ఉండండి అని. నాకు స్వేచ్ఛ వచ్చి, ఎప్పుడైనా చదవడం వస్తే, ఆ భాగం మాత్రం చదవకూడదని నా దేవుడికి మాటిచ్చాను అంది. అయితే అప్పుడప్పుడు ఒక నల్ల బోధకుడు కూడా వచ్చేవాడు, అతనూ బానిసే. ప్రసంగం చివర కాసేపు ఆగి, వాళ్ళ మొహాల్లోకి చూసి, మీరు బానిసలు కారు, వాళ్ళు పిలిచే ఆ తిట్టు పేరు మీది కాదు, మీరు దేవుని బిడ్డలు అనేవాడట. ఆ మాట చెప్పేటప్పుడు అమ్మమ్మ వీపు నిటారుగా అయ్యేదని మనవడు రాశాడు.

మా నాయనమ్మకీ చదువు రాదు. పొగాకు ఆరబెట్టే బేరన్లలో ఆకు కట్టలు కట్టిన చేతులు. ఆమెకి ఇరవై మూడో కీర్తన నోటికి వచ్చు, పాటలు లెక్కలేనన్ని వచ్చు. కొడుకు సమాధి దగ్గర అయ్యగారి మాటలు విని ఆమె ఏమీ అనలేదు. ఇంటికొచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. నాన్సీ ఆంబ్రోస్ అయితే తిరగబడేది. పన్నెండేళ్ళ వయసులో థర్మన్ సంఘంలో చేరడానికి వెళ్ళి, క్రైస్తవుణ్ణి కావాలనుకుంటున్నాను అన్నాడట. ముందు క్రైస్తవుడివై తర్వాత రమ్మని పెద్దలు తిప్పి పంపారు. ఆమె మనవడి చెయ్యి పట్టుకుని ఆ కూటం అయిపోకముందే అక్కడికి తీసుకెళ్ళి, వీడు ఇవాళ మీ దగ్గరికి రాకముందు నుంచే క్రైస్తవుడు, వీడి మాట మీకర్థం కాలేదా, సిగ్గుచేటు, అని నిలదీసింది. తర్వాత హాలిఫాక్స్ నదిలో బాప్తిస్మం ఇచ్చారు.

నది అంటే గుర్తొచ్చింది. 1878 జులైలో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కరువు ఇంకా పూర్తిగా తీరని రోజులు, దిగినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఆ నీళ్ళ గురించి తమ సొంత తల్లి గురించి చెప్పినట్టు చెప్తారు. మనల్ని మనుషులుగా లెక్కపెట్టిన మొదటి రోజు అది అంటారు. అమెరికా బాప్టిస్టుల మిషను అది. ఆ అమెరికాలోనే నల్ల బాప్టిస్టులు వేరే చర్చీల్లో, వేరే స్కూళ్ళలో, వేరే రైలు పెట్టెల్లో ఉన్నారన్నది మా పెద్దవాళ్ళెవరికీ ఎవరూ చెప్పలేదు.

థర్మన్ ఊళ్ళో నల్లపిల్లల స్కూలు ఏడో తరగతితో ఆగిపోయేది. ప్రిన్సిపాల్ విడిగా చెప్పి ఎనిమిదో తరగతి పరీక్ష రాయించారు. హైస్కూలుకి జాక్సన్‌విల్ వెళ్ళాలి. స్టేషన్‌లో పెట్టె పంపడానికి డబ్బు చాలక మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, పని బట్టల్లో ఉన్న ఒక నల్లమనిషి వచ్చి డబ్బు కట్టి, మాట కూడా ఆడకుండా పట్టాల వెంట నడిచి వెళ్ళిపోయాడు. ఆ ఆత్మకథ అంకితం ఆ పేరు తెలియని మనిషికే. ఇంకో చోట, ఒక తెల్లవాళ్ళ ఇంట్లో ఆకులు ఊడుస్తుంటే ఆ ఇంటి చిన్నపిల్ల గుండుసూది తీసి చేతిలో గుచ్చింది. అతను ఉలిక్కిపడితే, నీకు నొప్పి తెలియదు కదా హోవర్డ్, నీకు తెలియదు, అంది. నాలుగైదేళ్ళ పిల్ల. ఎవరో నేర్పకుండా అది రాదు. థర్మన్ తర్వాత జాతి వివక్ష గురించి రాసినదంతా ఆ సూది దగ్గరికే వస్తుందని నాకనిపిస్తుంది. వివక్ష ఒక చెడ్డ చట్టం మాత్రమే అయితే చట్టం మార్చేస్తే సరిపోతుంది. కానీ అది లోకం ఎలా ఉందన్న విషయంలో చెప్పిన అబద్ధం. ఒకే ప్రాణం పారుతున్న రెండు చేతుల్లో ఒకదానికి నొప్పి తెలియదని చెప్పడం. అందుకే ఏకత్వం గురించిన ఆయన మాటలు మెత్తగా కనిపించినా వివక్షకి వాటికంటే గట్టి శత్రువు లేదు.

ఏకత్వం మాట్లాడే అందరూ ఇక్కడిదాకా రారు, అది కూడా ఆయనకి తెలుసు. 1929లో హావర్‌ఫోర్డ్ కాలేజీలో రూఫస్ జోన్స్ అనే మార్మికుడి దగ్గర, క్వేకర్లనే క్రైస్తవ శాఖవాడు ఆయన, కొన్ని నెలలు చదువుకున్నారు. ఆయన్ని గురువుగా ప్రేమించారు, మార్మిక అనుభవానికి సామాజిక బాధ్యత ఉందని ఆయన దగ్గరే నేర్చుకున్నారు. కానీ అన్ని నెలల్లో జాతి వివక్ష మాట వాళ్ళ మధ్య ఒక్కసారీ రాలేదని ఆత్మకథలో నమోదు చేశారు. కాంతిని అంతగా చూసిన గురువుకి ఎదురుగా కూర్చున్న శిష్యుడి చర్మం మీద దెబ్బలు మాటల్లోకి రాలేదు. నాకు ఆ వాక్యాలు చదివినప్పుడు, అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అని గంటసేపు చెప్పి, నీళ్ళు మాత్రం వేరే గ్లాసులో ఇచ్చిన ఇళ్ళు గుర్తొచ్చాయి.

1935లో థర్మన్, ఆయన భార్య సూ బెయిలీ థర్మన్, కారల్ దంపతులు, నలుగురూ నల్లజాతి క్రైస్తవుల బృందంగా మన దేశానికి, బర్మాకి, సిలోనుకి వచ్చారు. కొలంబోలో లా కాలేజీలో ఉపన్యాసం అయ్యాక ఒక లాయరు ఆయన్ని పక్కకి పిలిచి అడిగిన ప్రశ్న మీ ప్రతి బైబిలు కాలేజీ గోడ మీదా రాయాలి. మీ వాళ్ళని బానిసలుగా మోసుకెళ్ళినవాళ్ళు క్రైస్తవులు, ఆ ఓడల్లో ఒకదాని పేరే జీసస్, మీరు ఆ మతం తరఫున ఇక్కడికెందుకు వచ్చారు, మీరు ప్రపంచంలోని నల్లవాళ్ళందరికీ ద్రోహి అని నా ఉద్దేశం, అన్నాడు. థర్మన్ కోప్పడలేదు. కూర్చుని గంటలకొద్దీ మాట్లాడారు. క్రైస్తవ మతం వేరు, యేసు మతం వేరు అన్న తేడా ఆయన మనసులో ఆ ప్రశ్న దగ్గరే గట్టిపడింది. యేసు పేదవాడు, యూదుడు, రోమా సైన్యం కింద హక్కుల్లేని జాతి మనిషి. గోడకి వీపు ఆనించి నిలబడినవాళ్ళకి ఆయన ఏం చెప్పాడన్నదే అసలు ప్రశ్న అని 1949లో 'జీసస్ అండ్ ద డిసిన్హెరిటెడ్' రాశారు. భయం, వంచన, ద్వేషం, ఈ మూడూ అణగారినవాణ్ణి వెంటాడే నరకపు వేటకుక్కలంటారు అందులో. గమనించండి, ఆయన నరకం గురించి మాట్లాడినప్పుడు అది సమాధికి ఇవతలే ఉంది.

శాంతినికేతన్‌లో క్షితిమోహన్ సేన్ అనే హిందూ పండితుడితో థర్మన్ ఒక రోజు గడిపారు. పొద్దున ఇద్దరూ తమ తమ మతాల చాటు నుంచి మాట్లాడుకున్నారు, మధ్యాహ్నం ఆ చాట్లు పడిపోయాయి. ఇంకొక మనిషితో అంత పూర్తిగా ఒక్కటైన మత అనుభవం తన జీవితంలో అదేనని రాశారు. థర్మన్ హిందువైపోలేదు. ఇంకా క్రైస్తవుడిగానే తిరిగి వెళ్ళారు. నేల ఒకటే అని నిజంగా నమ్మినవాడికి తన చెట్టు వేర్లు ఊడిపోతాయన్న భయం ఉండదు.

1936 ఫిబ్రవరిలో బార్డోలీలో గాంధీని కలిశారు. గాంధీ వాళ్ళని గుచ్చి గుచ్చి అడిగారు, బానిసత్వం గురించి, ఓటు గురించి, చివర్లో పాట పాడించుకున్నారు, నా ప్రభువుని సిలువ వేసినప్పుడు నువ్వక్కడున్నావా అనే పాట. అహింస సందేశం కల్తీ లేకుండా ప్రపంచానికి నల్లజాతి ద్వారానే అందుతుందేమో అని గాంధీ అన్న మాట ఆ సమావేశానిదే. ఈ మాటని అందరూ చెప్తారు. నేను దాని పక్కన ఇంకోటి పెట్టాలి, లేకపోతే మా వాడకి అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. థర్మన్ బృందం వచ్చిన ఆ 1935 అక్టోబరులోనే యేవలాలో అంబేద్కర్, హిందువుగా పుట్టాను కానీ హిందువుగా చావను అన్నారు. 1936 మేలో కులనిర్మూలన ప్రసంగం అచ్చువేశారు. థర్మన్ దారికీ ఆ దారికీ మధ్య మనం వంతెన కట్టుకోవాలి, ఆయన కట్టి పెట్టలేదు. ఆ పని తెలుగు క్రైస్తవులు చెయ్యగలరని నాకు నమ్మకం, ఎందుకంటే ఆ రెండు దారుల్లోనూ నడిచినవాళ్ళం మనమే.

ఖైబర్ కనుమ దగ్గర నిలబడి ఒంటెల బిడారులు దాటడం చూస్తుండగా, అమెరికాలో జాతుల గోడల్ని దాటే ఒక ఆరాధన సంఘం సాధ్యమా కాదా పరీక్షించి తీరాలన్న పిలుపు ఆయనకి స్పష్టంగా అందింది. 1944లో హోవర్డ్ యూనివర్సిటీలో స్థిరమైన డీన్ ఉద్యోగం వదిలి సాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళి, ఆల్ఫ్రెడ్ ఫిస్క్ అనే తెల్ల పాస్టరుతో కలిసి అన్ని జాతుల సహవాస సంఘాన్ని నడిపారు. మతంలో నాకు కలిగిన అనుభవం నిజమైతే, అది జాతి గోడ కంటే బలమైనదో కాదో ఆదివారం పొద్దున బెంచీల మీద తేలాలి అన్నది ఆయన పట్టుదల. ఆయన ఊరేగింపులకి ముందు నడవలేదని అప్పట్లోనే విమర్శలొచ్చాయి. కావచ్చు. కానీ 1958లో హార్లెంలో కింగ్‌ని కత్తితో పొడిచినప్పుడు, ఆసుపత్రికి వెళ్ళి, డాక్టర్లిచ్చిన విశ్రాంతి చాలదు, ఇంకో రెండు వారాలు పొడిగించుకో, ఉద్యమం నీకంటే పెద్దదైపోయింది, దానితో నీ సంబంధమేమిటో ఒంటరిగా ఆలోచించుకో, అని చెప్పినవాడు ఆయనే. ముందు నడిచేవాడి బలిపీఠాన్ని ఎవరో ఒకరు కాపాడాలి.

ఇప్పుడు మన బెంచీల సంగతి. మా పక్క ఊళ్ళో మాల చర్చి ఒకటి, మాదిగ చర్చి ఒకటి. రెండింటిలో ఒకే బైబిలు, ఒకే పాటలు, ఒకే క్రిస్మస్ నక్షత్రం. పెళ్ళి సంబంధం మాట వస్తే రెండూ రెండు దేశాలు. పై కులాల నుంచి వచ్చిన విశ్వాసులు పెళ్ళి ప్రకటనల్లో కులం పేరు పక్కన క్రిస్టియన్ అని రాసుకుంటారు. దీని గురించి మీరు పుల్పిట్ మీద మాట్లాడరు, అది లోక విషయం అంటారు. మా బాబాయి చర్చిలోకి ఎందుకు రాలేదో ఆయన పోయాక పిన్ని చెప్పింది. పెళ్ళికి ముందు ఒక అమ్మాయిని చేసుకోవాలనుకున్నాడట, ఆమెది ఆ రెండో చర్చి. ఇద్దరు సంఘ పెద్దలు ఇంటికొచ్చి మా తాతతో మాట్లాడి వెళ్ళారట. అంతే. ఆ తర్వాత ఆయన లోపలికి రాలేదు, కానీ ఇరవై ఏళ్ళు ప్రతి ఆదివారం గేటు దాకా వచ్చాడు. టీ బంకు దగ్గరికి మీ పాటలు వినిపిస్తాయి. పిన్ని అంటుంది, కొన్నిటికి పెదవులు కదిలేవని ఆ బంకు అతను చెప్పాడని.

ఆ దూత కాపలా కాసే బలిపీఠం దగ్గర ఆయన ఏం పెట్టాడో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

1947లో హార్వర్డ్‌లో బానిసల పాటల గురించి ఉపన్యసిస్తూ థర్మన్, చావు జీవితంలో జరిగే ఒక సంఘటన, జీవానికి జరిగేది కాదు అన్న ఆలోచన ముందుపెట్టారు. రేపు ఎవరిని ఎవరికి అమ్మేస్తారో తెలియని మనుషులు, చావంటే ప్రతిరోజూ చూసినవాళ్ళు, పాడుకున్న పాటల అడుగున ఆయనకి దొరికింది అది. జీవం పెద్దది, చావు దాని లోపల ఉంది. దీన్ని మీరు పూర్తిగా ఒప్పుకోకపోవచ్చు. తీర్పు గురించి వాక్యం చెప్పింది కదా అంటారు, చెప్పింది, మత్తయి ఇరవై ఐదు చదవండి, అక్కడ అడిగే ప్రశ్నలు అన్నం గురించి, నీళ్ళ గురించి, చూడటానికి వచ్చావా లేదా అన్నదాని గురించి. ఆరాధనకి ఎన్ని వారాలు వచ్చావన్న ప్రశ్న ఆ పట్టికలో లేదు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. మీ కాలేజీల్లో అమెరికా వేదాంత పండితులు ఎంతోమంది గురించి చెప్తారు, వాళ్ళ పక్కన థర్మన్‌ని ఒక సెమిస్టరు చెప్పండి, ఆత్మకథతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఆయన తత్వం ఓక్ చెట్టు దగ్గరా అమ్మమ్మ ఒళ్ళోనూ పుట్టింది, ఆ చెట్టూ అమ్మమ్మా లేకుండా చెప్తే ఎండిపోతుంది. చదువు రాని మా ముసలివాళ్ళు ఏ వాక్యాన్ని వినడానికి ఇష్టపడతారో, దేన్ని విన్నప్పుడు గోడ వైపు తిరుగుతారో గమనించండి, వాళ్ళూ వ్యాఖ్యానం చేస్తున్నారు. లోపలి ప్రార్థన, నిశ్శబ్దం అనగానే అది వేరే మతం అని తోసెయ్యకండి. సమాధి దగ్గర మైకు పట్టుకునే ముందు చనిపోయినవాడి పిల్లలు ఎక్కడ నిలబడ్డారో చూడండి. ఆ రోజు మాట్లాడిన అయ్యగారు ఇది చదివితే, మీ మీద నాకు పగ లేదండీ, మీకు అలా నేర్పారు, కానీ మీకు మా బాబాయి తెలియదు.

వచ్చే నెల రెండో ఆదివారం మా ఇంట్లో జ్ఞాపకార్థ కూటం పెట్టాలని పిన్ని అంటోంది. ఎవరో ఒకరు వచ్చి వాక్యం చెప్పాలి. మీలో ఎవరైనా వస్తానంటే భోజనాలు అక్కడే, ముందు టీ బంకు దగ్గర ఆగి ఆ బెంచీ చూసి రండి. మా తమ్ముడు చర్చికి రానని మొండికేస్తున్నాడు, కానీ ఆ రోజు ముందు వరుసలో కూర్చుంటానని నాయనమ్మకి మాటిచ్చాడు.